మన తాతల పేర్లు ఎక్కడున్నాయి?

(పేట యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తాత పేరు చెప్పమంటే అందరూ చెప్తారు. ముత్తాత పేరు దగ్గర సగంమంది ఆగిపోతారు. ముత్తాత తల్లి పేరు అడిగితే ఈ పందిట్లో చెయ్యెత్తేవాళ్ళు ఉండరు. ఊళ్ళో భూస్వామి ఇంట్లో మాత్రం ఏడు తరాల పేర్లు చెప్తారు. వాళ్ళ జ్ఞాపకం గొప్పదై కాదు. వాళ్ళకి భూమి ఉంది. భూమి ఉన్నచోట పట్టా, దస్తావేజు, పంపకాల కాగితం ఉంటాయి. తండ్రి పేరు రాయందే కొడుక్కి చేను రాదు. మనకి చేను లేదు కనక పేరు రాసే అవసరం ఎవడికీ పడలేదు. రాసినా చివర 'గాడు' తగిలించి రాశారు.

అయితే మన పెద్దలు కాగితం మీద లేరా? ఉన్నారు. వాళ్ళ రెక్కల కష్టం ఎవడికి కావాల్సొచ్చిందో వాడి లెక్కల్లో ఉన్నారు.

చెరకు తోటల దొరలకి కూలీలు కావాల్సొచ్చారు. 1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 దాకా అలా నేటాల్ పోయినవాళ్ళు 1,52,184 మంది. విశాఖ, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగోళ్ళు వాళ్ళలో ఉన్నారు, అందులో మనోళ్ళూ ఉన్నారు. మనిషికొక నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద గుర్తులతో సహా రాసుకున్నారు. పశువుకి ముద్ర వేసినట్టే! కానీ ఆ ముద్రే ఇవాళ మనకి ఆనవాలు. ఆ పట్టీల్లో ఆడమనిషికీ సొంత నంబరుంది, సొంత వరసుంది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ పేర్లు మనమే మర్చిపోయాం. ఇది కూడా ఆలోచించండి.

రంగం పోయినవాళ్ళ సంగతి వేరు. మేస్త్రీ వెంట బర్మా పోయినవాళ్ళకి అలాంటి పట్టీలు లేవు. "రంగం పోయాడు, మళ్ళీ రాలేదు" అన్న మాటే మిగిలింది. ఆ మాటయినా రాసిపెట్టుకోవాలి.

ఇంకోచోటు చర్చి పుస్తకాలు. 1876-78 ధాత కరువులో ఒంగోలు ప్రాంతపు మాదిగలు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో పనిచేసి ప్రాణాలు నిలుపుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పాత సంఘాల పుస్తకాలు చెదలు పట్టకముందే వెళ్ళి అడగండి. బాప్తిస్మంతో పేరు మారి ఉండొచ్చు. పాత పేరూ కొత్త పేరూ పక్కపక్కన రాసుకోండి.

కులం పేరు కూడా మారుతూ వచ్చింది. దొరల కాగితాల్లో 'పరయ', 'పంచమ'. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనోళ్ళు 'పంచమ' మాటని తోసేసి 'ఆది ఆంధ్ర' అన్నారు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో 'ఆది హిందూ'. తర్వాత 'హరిజన'. 1936 ఉత్తర్వు నుంచి 'షెడ్యూల్డ్ కులాలు'. ఒకే ఇంటి మనుషులు నాలుగు పేర్ల కింద ఉంటారు. ఒక్క పేరుతో వెతికితే మూడు తరాలు జారిపోతాయి.

కాగితం కంటే ముందు మనుషులున్నారు. మాదిగల వంశాలు చెప్పే డక్కలివాళ్ళున్నారు. వాళ్ళొస్తే బియ్యం పోసి పంపెయ్యకండి, కూచోబెట్టి వినండి. ఇంట్లో ముసలమ్మని "ఎప్పుడు పుట్టావు" అని అడిగితే చెప్పలేదు. "1977 ఉప్పెన నాటికి నీకెంతమంది పిల్లలే?" అని అడగండి. తెలంగాణలో అయితే రజాకార్ల కాలం అడగండి. లెక్క దానంతటదే తేలుతుంది.

ఒక్క జాగ్రత్త. పేరు దొరకనిచోట ఖాళీ వదలండి. లేని రాజునీ, లేని ఋషినీ తెచ్చి తాతని చెయ్యొద్దు. అట్లాంటి పుట్టుకలు అల్లడం మనల్ని తొక్కినోళ్ళ విద్య. పాలేరుతనం చేసిన మన తాత పేరు మనకి చాలు.

వచ్చే పక్షానికి పేటకొక నోటుబుక్కు తయారు కావాలి. ఇంటికొక పేజీ. మొదటి వరసలో ఆ ఇంటి ముసలమ్మ పేరు, పక్కన ఆమె తల్లి పేరు, ఆమె పుట్టినూరు రాయండి. ముసలాళ్ళు మనకోసం కాచుక్కూచోరు. రేపట్నుంచే మొదలెట్టండి.

జై భీమ్!