పత్రికలో లెక్క, తక్కెడలో లెక్క
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మా ఏటికొప్పాక పేరు చెప్పగానే అందరికీ లక్కబొమ్మలే జ్ఞాపకము వస్తాయి. వాటిని గూర్చి చెప్పగలవారు వేరే ఉన్నారు. మమ్మును పత్రికల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. పత్రికలనగానే రాజకీయములు, సంఘ సంస్కరణ అని మొదలుపెట్టుట వాడుక. మేము పుటలో ఒక మూలన ఇమిడిపోయే చిన్న సంగతిని ఎత్తుకొనుచున్నాము. అది పాఠకులకు ఇచ్చే లెక్కల పొడుపు.

తెలుగులో తొలి పత్రికగా చాలామంది చెప్పే ‘సత్యదూత’ 1835లో బళ్ళారిలో క్రైస్తవుల చేతి మీదుగా వెలువడినది. 1874లో వీరేశలింగంగారి ‘వివేకవర్ధని’, 1902లో బందరునుండి ‘కృష్ణాపత్రిక’ వచ్చినవి. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ‘ఆంధ్రపత్రిక’ 1914లో మదరాసునుండి దినపత్రిక అయినది. ఆ కాలమున పల్లెకు చేరిన పత్రికను చదివేది ఒకరు, వినేది పదిమంది. వార్త వినేవాడు చదివేవాని నోటిని నమ్మవలసిందే. లెక్క సంగతి అటువంటిది కాదు. ఒకసారి చెవిన పడితే చాలు, అక్షరము రానివాడు కూడా వ్రేళ్ళు మడిచి తేల్చుకొనగలడు. చదివినవాడు తప్పు జవాబు చెప్పితే నిలదీయనూ గలడు. ఈ ఒక్క విషయములో చదువుకున్నవాడూ చదువుకోనివాడూ సమానులైనారని మా అభిప్రాయము.

ఎందుకనగా లెక్కల పొడుపు మనకు పత్రికలతో వచ్చినది కాదు. మహావీరాచార్యుల సంస్కృత గణితమును పావులూరి మల్లన పద్యములలో తెలుగు చేసి సుమారు తొమ్మిది వందల ఏండ్లు దాటినది. పండితుల మాట అటుంచి, మన అవ్వలు చెప్పిన పక్షుల లెక్క ఎవరికి తెలియదు? ఎగిరిపోతున్న పక్షులను చూచి చెట్టుమీది పక్షి, “మీరు నూరుగురా?” అన్నది. “కాదు. మేమెంతమందిమో అంతమంది, అందులో సగము, ఆ సగములో సగము, ఆపైన నీవు కూడా కలిస్తే నూరు” అన్నవి. ముప్పది ఆరు, మరి ముప్పది ఆరు, పదునెనిమిది, తొమ్మిది, ఒకటి. కూడి చూడండి.

ఇంకొక లెక్క తక్కెడది. మెట్రిక్ తూనికలు రాకముందు వీశెకు నలుబది పలములు. కోమటి దుకాణములో వీశె రాయి క్రిందపడి నాలుగు ముక్కలైనది. ఆ నాలుగింటితోనే ఒక పలము మొదలు నలుబది పలముల వరకు ఏ తూకమైనా తూచవచ్చునట. ముక్కల బరువులెంత? ఒకటి, మూడు, తొమ్మిది, ఇరువది ఏడు. ఐదు పలములు కావలెనంటే ఒక సిబ్బిలో తొమ్మిది పెట్టి, సరుకున్న సిబ్బిలో మూడు, ఒకటి వేయవలెను. ఇరువది పలములకైతే ఇటు ఇరువది ఏడు, మూడు. అటు సరుకుతో తొమ్మిది, ఒకటి. ఈ లెక్కనే ఫ్రాన్సు దేశస్థుడు బాషే 1612లో అచ్చు వేసినాడు.

బెల్లము అనకాపల్లికి తోలుకొని అమ్ముకొనే రైతుకు ఈ లెక్క వట్టి కాలక్షేపము కాదు. 1933లో మా ఊరిలో సహకార చక్కెర కర్మాగారము ఏర్పడిన పిమ్మట చెరకు తూకము ఇంటింటి మాట అయినది. ముల్లు ఎటు మొగ్గినదో చూడనేర్చినవాని దగ్గర ఎదుటివాడు కొంచెము జాగ్రత్తగా ఉంటాడు.

పత్రిక పొడుపు ఎంత దూరము పోగలదో చూడండి. 1914 డిసెంబరులో లండనులోని ‘స్ట్రాండ్’ మాసపత్రికలో హెన్రీ డ్యూడెనీ ఒక లెక్క ఇచ్చినాడు. వీధికి ఒక ప్రక్కన ఇండ్లకు వరుసగా ఒకటి మొదలు అంకెలున్నవి. ఒకాయన ఇంటికి ఇటున్న అంకెల మొత్తము, అటున్న అంకెల మొత్తము సమానము. ఇండ్లు ఏబదికి పైన, ఐదు వందలకు లోపల. కేంబ్రిడ్జిలో చదువుచున్న మహలనోబిస్ దీనిని పట్టుకొనిపోయి శ్రీనివాస రామానుజన్‌కు చదివి వినిపించినారు. పొయ్యిమీద కూర కలుపుచున్న రామానుజన్, ఆ ఒక్క వీధికే కాక అటువంటి వీధులన్నిటికీ సరిపడే జవాబు అక్కడికక్కడే చెప్పినారు. ఆయనకూ ఆ లెక్క చెవిన పడినదే! ఆ వీధిలో ఇండ్లు 288, ఆయన ఇల్లు 204. మనకు చిన్న వీధి చాలు. ఎనిమిది ఇండ్లుంటే ఆరవది. ఇటు ఒకటినుండి ఐదు వరకు కూడితే పదిహేను, అటు ఏడు, ఎనిమిది కలిపితే పదిహేను.

పొడుపు అనే పేరుతోనే ఇంకొకటి బయలుదేరినది. ప్రవేశ రుసుము పంపి గళ్ళలో మాటలు నింపితే వేల రూపాయలు బహుమానము! రెండు మాటలూ సరిపోయేచోట ఏది సరియో నిర్వాహకులు ముందే వ్రాసి ముద్రవేసి దాచేవారు. ఇందులో తెలివికి పనిలేదు, దాచిన కాగితముతో కలియుటే గెలుపు. ఎందరి జీతములు ఇందులో కరిగిపోయినవో! 1955లో కేంద్ర చట్టము వచ్చి, నెలకు వెయ్యి రూపాయలకు మించిన బహుమానములను నిషేధించినది. సుప్రీంకోర్టు 1957లో ఆ చట్టమును నిలిపినది, అటువంటి పోటీ జూదమేనన్నది. వీశె రాయి లెక్కలో దాచిన కాగితము లేదు. జవాబు సరియా కాదా అని సంపాదకుని అడుగనక్కరలేదు, తక్కెడను అడిగితే చాలు. యువజనులు పత్రికలోని పోటీకి డబ్బు పంపేముందు ఈ భేదము చూడవలెనని మా మనవి.

సమయమైపోయినదని అయ్యగారు గడియారము చూచుచున్నారు. అదే లండను లెక్క మరొక వీధిలో పెడుచున్నాము. ఒకాయన ఇల్లు 35వది. ఇటు మొత్తము, అటు మొత్తము సమానము. వీధిలో ఇండ్లెన్ని? భోజనముల పందిరిలో తేల్చండి. మమ్మును మాత్రము అడుగకండి.