మౌనమునకు అర్థము ఒక్కటి కాదు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతికై సిద్ధము చేసిన ప్రసంగపాఠము)



పంచాయతీ కార్యాలయమునకు వచ్చిన ఫైబరు తీగ నేడు ఊరి బావివలె, ఊరి బాటవలె అందరి ఉమ్మడి సొత్తు. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పథకమును ఆమోదించినది. తరువాత దానికి భారత్‌నెట్ అను పేరు వచ్చినది. దేశమందలి సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు ఈ తీగను చేర్చుట దాని ఆశయము. పంచాయతీ పద్దులకును, చెల్లింపులకును 2020లో ఈ-గ్రామస్వరాజ్ వచ్చినది. తీగ ఆగిన నాడు బోరు మరమ్మతు చేసిన మేస్త్రీకి రావలసిన పైకము కూడ ఆగవచ్చును. కావున ఈ తీగ బాగోగులు ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయమని మనము ఊరకుండరాదు.

ఊరూర కావలి మనిషిని పెట్టుట సాధ్యము కాదు. అందుచే ఎక్కడో దూరమున గల కేంద్రమునుండియే యంత్రముల యోగక్షేమములు విచారించు ఏర్పాటు కలదు. దీనికి ఎక్కువగా వాడు పద్ధతి ఎస్.ఎన్.ఎం.పి., అనగా సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్. 1988లో దీని నియమములు మొదట వెలువడినవి. దీని పని సులభముగనే బోధపడును. కేంద్రము నియమిత కాలమునకొకసారి యంత్రమును ప్రశ్నించును: నీవు మేలుకొని ఎంతకాలమైనది? నీ ద్వారములలో ఏవి తెరచియున్నవి? ఎంత సమాచారము వచ్చినది, ఎంత పోయినది? యంత్రము బదులు చెప్పును. ఆపద కలిగినపుడు అడుగకయే కబురు పంపుట కూడ కలదు; దానిని ట్రాప్ అందురు.

జి-పాన్ పద్ధతిలో వేసిన చోట మండల కేంద్రమున ఓ.ఎల్.టి. అను పెద్ద యంత్రము, పంచాయతీ కార్యాలయమున ఓ.ఎన్.టి. అను చిన్న పెట్టె ఉండును. సాధారణముగా కేంద్రము ఓ.ఎల్.టి.ని అడుగును, అది తన క్రింది పెట్టెలన్నిటి సంగతి చెప్పును.

బదులు రానిచో కేంద్రములోని తెరపై ఎర్ర గుర్తు పడును. చిక్కు ఇచ్చటనే మొదలగును. ఎరుపు కనబడగానే యంత్రము చెడినదని తలచి మనిషిని పంపుదురు. అతడు వచ్చి చూడగా యంత్రము చక్కగా పనిచేయుచుండును. ఆ దినము వృథా. నిజముగా తీగ తెగిన మరియొక ఊరు ఆ దినమంతయు వేచియుండును. మౌనమునకు కారణములు పెక్కు గలవని గ్రహించి, వాటిని వరుసగా విచారించుటయే దీనికి మందు.

మొదటి విచారణ: మౌనము ఒక్క ఊరిదా, అనేక ఊళ్లదా? ఒకే ఓ.ఎల్.టి. క్రింది ఊళ్లన్నియు ఒక్క నిమిషమున ఎర్రబడినచో, ఊళ్లలో వెదకి ప్రయోజనము లేదు. మండల యంత్రమునో, దానికి వచ్చు తీగనో, అడుగు కేంద్రమునో చూడవలెను.

రెండవది: కరెంటా, తీగయా? కరెంటు పోవునపుడు ఓ.ఎన్.టి. ఆరిపోవుటకు ముందు కొన ఊపిరితో ఒక చివరి సందేశము పంపగలదు. ఆ సందేశము వచ్చి మౌనమైనచో కరెంటు, బ్యాటరీ చూడవలెను. ఏ సందేశమును లేక వెలుగు మాత్రము ఆగినచో తీగను శంకింపవలెను. కార్యాలయములోని పెట్టెను చూచి మనము కూడ ఈ భేదము చెప్పగలము. పవర్ దీపము లేనిచో కరెంటు లోపము. పవర్ ఉండి ఎల్.ఓ.ఎస్. దీపము ఎర్రగా వెలిగినచో సాధారణముగా తీగలో లోపము. తెగిన ఫైబరు కొనను కంటికెదురుగా పెట్టి చూడరాదు. కంటికి కానరాని లేజరు కాంతి అందుండవచ్చును.

మూడవది: ఊరిలో ఇంటర్నెట్టు నడుచుచు, తెర మాత్రము ఎర్రగా నున్నచో, చెడినది సేవ కాదు, విచారణ. ఈ ప్రశ్నలు యు.డి.పి. పద్ధతిన 161వ పోర్టునకు, ట్రాపులు 162వ పోర్టునకు పోవును. ఇవి రసీదు లేని ఉత్తరములవంటివి. దారిలో పోయినను పంపినవారికి తెలియదు. నడుమనున్న ఫైర్‌వాల్ అడ్డగించవచ్చును. యంత్రము చిరునామా మారియుండవచ్చును. సంకేతపదము తప్పియుండవచ్చును. ఈ పద్ధతి మొదటి రెండు తరములలో సంకేతపదము తప్పినచో యంత్రము అడిగినవానికి బదులే చెప్పదు. చెడిన యంత్రము మౌనమును, తప్పు సంకేతమునకు కలిగిన మౌనమును తెరపై ఒక్కతీరుగనే ఉండును. మూడవ తరములో పేరు తప్పినదనియో, గడియారములు కలియలేదనియో యంత్రము తెలుపగలదు. గడియారముల భేదము 150 సెకన్లు దాటినచో అది సందేశమును అంగీకరింపదు.

ఎరుపును నమ్మరాదన్నట్లే పచ్చదనమును కూడ గుడ్డిగా నమ్మరాదు. మేలుకొనిన కాలము ప్రతిదినము కొన్ని గంటలే చూపుచున్నచో యంత్రము పలుమార్లు ఆరి వెలుగుచున్నదన్నమాట. కరెంటు సంగతి విచారింపవలెను. అయితే ఆ లెక్క సుమారు 497 దినములకు నిండి మరల సున్నకు వచ్చును. అది యంత్రదోషము కాదు. అట్లే, పాత 32 బిట్ల లెక్క సెకనుకు 1000 మెగాబిట్ల దారి నిండుగా నడచినచో సుమారు 34 సెకన్లలోనే తిరిగి మొదటికి వచ్చును. 5 నిమిషములకొకసారి అడుగువారికి అది తప్పుడు అంకెలే ఇచ్చును. అట్టిచోట 64 బిట్ల లెక్కను అడుగవలెను.

మరియొక హెచ్చరిక. పెక్కు యంత్రములకు మొదట పబ్లిక్, ప్రైవేట్ అను సంకేతపదములే ఉండెడివి. వాటిని మార్చక విడుచుట కొత్త ఇంటికి అందరియొద్దను గల తాళపుచెవిని వాడుటయే. మొదటి రెండు తరములలో సంకేతపదము దాపరికము లేక పోవును. మూడవ తరమునందు రహస్యలిపి ఏర్పాటు కలదు. నిర్వాహకులను మీరు నిర్భయముగా అడుగుడు: మా యంత్రమునకు ఏ తరము? సంకేతపదము మార్చితిరా?

ఇక మన కర్తవ్యము. కార్యాలయమున ఒక పుస్తకము పెట్టి, సేవ ఆగిన తేది, గంట, వెలిగిన దీపములు, కరెంటు ఉన్నదో లేదో వ్రాయింపవలెను. “నెట్టు రావడము లేదు” అను ఫిర్యాదుకంటె “ఉదయము 10 గంటలనుండి పవర్ దీపమున్నది, ఎల్.ఓ.ఎస్. ఎర్రగా నున్నది” అను ఫిర్యాదు పని త్వరగా కానిచ్చును. ఫ్యాను కొరకో, ఫోను కొరకో పెట్టె ప్లగ్గు ఊడదీయనీయరాదు. నీటి గొట్టములకు, మురుగు కాలువలకు త్రవ్వునపుడు తీగ దారి ముందుగా తెలిసికొనవలెను. ఇందుకై 2023 మార్చిలో కాల్ బిఫోర్ యు డిగ్ అను యాప్ ప్రారంభింపబడినది.

దూరముననున్న తెర మన ఊరిని చూడలేదు. అడిగి తెలిసికొనగలదు, అంతే. బదులు రానపుడు ఊరి పక్షమున సరియైన బదులు చెప్పవలసినవారము మనమే. ఆ బదులు సకాలమున, సక్రమముగ చెప్పినచో మన ఊరి పని నిలువదు. పొరుగూరి వంతు కూడ వృథా కాదు.