మిలాను నగరపు అద్దాల అంగడివీధి



సంత సాగుచుండగా వాన వచ్చిన నేమగునో మీకు చెప్పనక్కరలేదు. మిరపకాయల బస్తాలను చెట్టుక్రిందికి లాగువారు కొందరు, బేరము నడుమ విడిచి పరువెత్తువారు కొందరు. ఇటలీ దేశమందలి మిలాను నగరమున నేను అడుగిడిన నాడును వాన కురియుచుండెను. అచ్చటి పెద్ద చర్చి ముంగిట తడిసి నిలిచిన నన్ను, ఆ యూర చదువుకొనుచున్న మా అమ్మాయి చేయిపట్టి యొక యెత్తైన కమానులోనికి తీసికొనిపోయెను. లోపల వీధి యున్నది, అంగళ్లున్నవి, జనసమ్మర్ద మున్నది. వాన మాత్రము లేదు. తలయెత్తి చూచితిని. వీధి పొడవునను ఇనుప దూలములపై గాజుకప్పు!

విత్తోరియో ఎమాన్యుయేలే రాజు పేరిట దీనిని గల్లెరియా యందురు. రెండు వీధు లడ్డముగా కలియుచోట ఎనిమిది మూలల మంటపమును, దానిపై గాజు గోపురమును గలవు. గోపురము నేలనుండి సుమారు 47 మీటర్లు. రెండు తాటిచెట్ల నొకదానిపై నొకటి నిలిపినంత. క్రింద ఫలహారశాలలు, బట్టల దుకాణములు. వాని ధరలు చెప్పి మిమ్ము బాధింపను.

ఒకప్పు డిచ్చట గ్యాసు దీపము లుండెడివి. అంత యెత్తున వెలిగించు టెట్లు? గోపురము చుట్టును పట్టాలు వేసి, చిన్న యంత్రపు బండి నొకదానిని పరుగెత్తించెడివారట. అది పోవుచు దీపముల నంటించెడిది. దానికి ఆ యూరివారు పెట్టిన ముద్దుపేరు చిట్టెలుక. సాయంకాలము దానిని చూచుటకే జనులు గుమిగూడెడివారు.

దీనిని నిర్మించినవాడు జుసెప్పె మెంగోని. 1865లో రాజు శంకుస్థాపన చేయగా, 1867 సెప్టెంబరులో వీధిని తెరచిరి. చర్చివైపు మహాద్వారము మాత్రము మిగిలిపోయినది. దానికి మరి పదేండ్లు పట్టెను. పని ముగియవచ్చిన తరుణమున, 1877 డిసెంబరు 30వ తేదీన, మెంగోని పరంజాపైనుండి పడి మరణించెను. వయస్సు 48. పది దినములకు, 1878 జనవరి 9న, రాజును గతించెను. తన ద్వారమున రాజు ప్రవేశించుట ఆ శిల్పి చూడలేదు, రాజును ప్రవేశింపలేదు. 1943 ఆగస్టులో బాంబులు పడి ఆ గాజుకప్పు పగిలిపోగా, యుద్ధానంతరము మరల కట్టిరి.

మంటపపు నేలమీద రంగురాళ్లతో నాలుగు నగరముల చిహ్నములు పొదిగినారు. ఇటలీకి వరుసగా రాజధానులైన తూరిను, ఫ్లారెన్సు, రోము, వానితో మిలాను. తూరిను చిహ్నము ముంగాళ్లెత్తిన కోడె. దాని మర్మస్థానమున మడమ మోపి మూడుమార్లు గిరగిర తిరిగిన అదృష్టము కలుగునని అచ్చటివారి నమ్మకము. మడమల రాపిడికి ఆ తావున గుంట పడినది. పురపాలకులు రాళ్లు మార్పింతురు, మరల అరుగును.

"నాన్నగారూ, మీరును ఒకమారు తిరుగరాదా?" అని మా అమ్మాయి యడిగెను.

"ఏరువాకనాడు ఎద్దుకాళ్లకు పసుపు రాచిన చేతులమ్మా యివి. దానిని త్రొక్కుటకు కాలాడదు" అంటిని.

అది నవ్వెను. ఇంతలో ఆ దేశపు ముసలమ్మ యొకతె వచ్చి, నన్ను ప్రక్కకు జరుగుమని సైగచేసి, తన చేతికర్ర నా కిచ్చి, మా అమ్మాయి భుజము పట్టుకొని మెల్లగా మూడుమార్లు తిరిగి, కర్ర పుచ్చుకొని వానలోనికి వెడలిపోయెను.