కోకో గింజ – చీటీ మీద లెక్క



చాక్లెట్ అంటే పిల్లలకు ప్రాణం. పుట్టినరోజుకు కొని పంచుతారు. మరి ఆ చాక్లెట్ దేనితో చేస్తారు? కోకో గింజతో.

కోకో చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఇప్పుడు మన దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో ఈ చెట్లు పెంచుతారు. పనసకాయల్లాగా కోకో కాయలు కూడా మాను మీదే కాస్తాయి.

కాయను కర్రతో కొట్టి పగలగొట్టాలి. కత్తి పెడితే గింజ తెగుతుంది. తెగిన గింజకు బూజు పడుతుంది. కాయ లోపల తెల్లటి గుజ్జు, ఆ గుజ్జులో గింజలు ఉంటాయి. గుజ్జు తియ్యగా, పుల్లగా ఉంటుంది. గింజ మాత్రం చేదు. చాక్లెట్ వాసనే రాదు.

మరి ఆ వాసన ఎక్కడిది? ఫ్యాక్టరీలో కలుపుతారని చాలామంది అనుకుంటారు. కాదు. రుచికి పునాది తోటలోనే పడుతుంది.

గింజల్ని గుజ్జుతోపాటే చెక్కపెట్టెలో పోస్తారు. పైన అరటి ఆకులు కప్పుతారు. ఇడ్లీ పిండి పులిసినట్టే గింజలూ పులుస్తాయి. పెట్టె లోపల వేడి పుడుతుంది. రెండు రోజులకోసారి తిరగెయ్యాలి. అయిదారు రోజులకు పులవడం పూర్తవుతుంది. తర్వాత ఎండలో పలచగా పరిచి ఆరబెట్టాలి. గుప్పెట్లో పట్టి నొక్కితే పటపటమనాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. పొయ్యి పొగ తగిలితే ఆ వాసన చాక్లెట్ దాకా పోతుంది.

బాగా పులిసిందో లేదో ఎలా తెలుస్తుంది? ఎండిన గింజను నిలువుగా కోసి చూడాలి. లోపల గోధుమ రంగు, పగుళ్లు ఉంటే మంచి గింజ. రాసుకునే పలక రంగు ఉంటే పులవలేదన్నమాట.

ఈ మధ్య కొందరు చిన్న తయారీదారులు వచ్చారు. గింజ కొనడం దగ్గర్నుంచి చాక్లెట్ చెయ్యడం దాకా అంతా వాళ్లే చూసుకుంటారు. గింజల్ని వేయిస్తారు. పొట్టు చెరుగుతారు. రాతి గ్రైండర్లో గంటల తరబడి రుబ్బుతారు. అది ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్ లాంటిదే! హైదరాబాదులో 2023లో మొదలైన ‘మనం చాక్లెట్’ అనే సంస్థ గోదావరి ప్రాంతపు కోకోతోనే చాక్లెట్లు చేస్తోంది. ఇలాంటివాళ్లకు గింజ నాణ్యతే ముఖ్యం. మంచి గింజకు ఎక్కువ ధర ఇస్తారు.

కానీ ధర ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఆఫ్రికాలో పంట దెబ్బతిని 2024లో కోకో ధర ఎన్నడూ లేనంత పెరిగింది. 2025లో పడిపోయింది. గిట్టుబాటు ధర కోసం ఏలూరు జిల్లా రైతులు ఆందోళన చేశారు. ప్రపంచ ధర ఒక్క రైతు చేతిలో ఉండదు. తూకం, లెక్క మాత్రం చేతిలో ఉంటాయి.

ఒక లెక్క చూడండి. కిలో ధర 400 రూపాయలు అనుకుందాం. తూకంలో రెండు కిలోలు పోతే 800 రూపాయలు పోయినట్టే. అది ఎన్ని రోజుల కూలి?

కాబట్టి పెట్టె నింపిన రోజు దాని మీద సుద్దముక్కతో తేదీ రాయండి. తిరగేసిన రోజూ రాయండి. అమ్మేటప్పుడు తూకం ముల్లు ఎక్కడుందో మీరే చూడండి. ఎన్ని కిలోలు, కిలో ఎంత, మొత్తం ఎంత – చీటీ అడిగి తీసుకోండి. చదివి, కూడి, సరిపోయాకే సంతకం పెట్టండి. ఊళ్లో పదిమంది కలిసి ఒకేచోట అమ్మితే బేరం ఆడే బలమూ వస్తుంది.

కాయ కొట్టేది, గింజ తీసేది, ఎండబెట్టేది మీ చేతులే. లెక్క రాసేది కూడా ఆ చేతులే కావాలి.