గాలి, వెలుతురు నోచుకొన్న ఇల్లు
(ఒక గ్రామసభలో చేసిన ప్రసంగము)



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. పెండ్లి ఖర్చు ఏదో విధముగ తీరిపోవును. ఇల్లు కట్టుటలో చేసిన పొరపాటును మాత్రము మన తరువాత మన పిల్లలు కూడ అనుభవింపవలసి యుండును. అందుచేత నేడు సిమెంటు, ఇనుముల ధరలను గూర్చి గాక, ధర లేకయే లభించు వెలుతురును గూర్చి, గాలిని గూర్చి మాట్లాడదలచితిని.

ముందుగా మా ఇంటి సంగతియే మనవి చేసెదను. మా నాయనగారి నాటి మండువా లోగిలి వానకు కారుచున్నదని దానిని విప్పించి, అన్నదమ్ములము కలిసి స్లాబు ఇల్లు కట్టించితిమి. వీధి పడమటి వైపున ఉన్నది గనుక పెద్ద కిటికీలన్నియు ఆ వైపుననే పెట్టించితిమి. వంటగదిని వెనుక హద్దు గోడకు ఆనించి కట్టించితిమి. దానికి కిటికీ లేదు. మండువా వెలుగులో ఏండ్ల తరబడి బియ్యము ఏరిన మా అమ్మ, కొత్త ఇంటిలో పట్టపగలు దీపము వేసికొనవలసి వచ్చినది. వేసవి సాయంకాలములలో ముందు గది కొలిమి వలె నుండెడిది. ఆమె మంచము వీధి అరుగుమీదికి చేరినది. “ఇల్లు బాగున్నది నాయనా, లోపల ఉండుటకే వీలు లేదు” అనెడిది. అప్పు చేసి కట్టిన ఇంటిని గూర్చి తల్లి నోట ఆ మాట వినుట ఎంత కష్టమో మీరు గ్రహింపగలరు.

పాత ఇండ్లలో లోపములు లేవని నేననను. తాటాకు కప్పునకు నిప్పు భయము, మట్టి మిద్దెకు వాన భయము ఉండనే యున్నవి. కాని ఆ ఇండ్లు ఆయా ప్రాంతముల ఎండవానల నెరిగినట్టివి. గోదావరి, కృష్ణా మండలములలో మండువా ఇంటి నడుమ ఆకాశము కనబడును; చుట్టునున్న గదులన్నిటికి అక్కడినుండియే వెలుతురు వచ్చును, వేడిగాలి పైకి పోవును. శ్రీకాకుళపు తీరమున చుట్టిండ్లు గుండ్రముగ నుండి, కప్పు నేల వరకు వంగి యుండుటచే పెనుగాలి వాటిని తప్పుకొని పోవును. రాయలసీమ మిద్దెల మందపు గోడలు పగటి వేడిని త్వరగా లోనికి రానీయవు. మిద్దెపై వదలిన గవాచి వెలుతురు నిచ్చి, పొగను బయటికి పంపును. మనము విడువవలసినది తాటాకునే గాని, ఆ తెలివిని కాదు.

ఇక సూర్యుని గమనమును చూతము. మన ప్రాంతమున మే నెలలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉండును. డిసెంబరులో దక్షిణమునకు వాలును. కావున దక్షిణపు కిటికీపై 2 అడుగుల చూరు పెట్టిన చాలును. వేసవిలో ఎండ లోనికి రాదు; చలికాలమున వెచ్చదనము వచ్చును. ఉత్తరపు కిటికీకి ఎండబాధ మరియు తక్కువ. పడమటి ఎండ మాత్రము ఏటవాలుగ వచ్చును. దానిని చూరు ఆపలేదు. ఆ వైపున వసారాగాని, సామానుల గదిగాని, స్నానాల గదిగాని ఉంచవలెను; స్థలమున్నచో వేపచెట్టును పెంచవలెను. వాస్తు చూపించుకొనువారు చూపించుకొనవచ్చును. వారు సూర్యుని గమనమును కూడ చూచుకొందురుగాక.

కిటికీల కొలతకు జాతీయ భవన నిర్మాణ నియమావళి ఒక లెక్క చెప్పినది. ఉక్కపోత గల ప్రాంతమున గది నేల వైశాల్యములో ఆరవ వంతు, పొడి వేడి గల ప్రాంతమున పదవ వంతు కిటికీలు, గాలి కంతలు ఉండవలెను. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదికి తీరప్రాంతమున 20 చదరపు అడుగులు కావలెను. 3 అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు గల రెండు కిటికీలు సరిపోవును. అవి ఎదురెదురు గోడలలో నున్నచో గాలి ఒక దారిన వచ్చి వేరొక దారిన పోవును. మీ ఊరిలో గాలి ఏ వైపునుండి వీచునో, ధాన్యము తూర్పార పట్టిన రైతునకు నేను చెప్పనక్కరలేదు.

ఇంగ్లండున 1917లో జన్మించి, తిరువనంతపురమున స్థిరపడి, 2007లో మరణించిన లారీ బేకరు అను శిల్పి తక్కువ ఖర్చుతో ఇటువంటి ఇండ్లను పెక్కింటిని నిర్మించెను. స్థలములోని చెట్టును నరుకక దాని ప్రక్కగా గోడను త్రిప్పెడివాడు. ఇటుకల నడుమ సందులు వదలి జాలీ గోడలు కట్టించెడివాడు. కిటికీ ఖర్చు లేకయే వెలుతురు, గాలి వచ్చెడివి. ఇటుకలను అంచుపై నిలిపి నడుమ ఖాళీ వదలు పద్ధతిని ఆయన విరివిగా వాడెను. అందువలన ఇటుకలలో సుమారు నాలుగవ వంతు ఆదా యగును. ఆ ఖాళీ వేడిని కూడ తగ్గించును.

మా ఇల్లు చిన్నది, మాకివన్నియు ఎట్లు సాధ్యమని మీరడుగవచ్చును. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస పథకమున ఇంటికి కనీస వైశాల్యము 25 చదరపు మీటర్లు, అనగా సుమారు 270 చదరపు అడుగులు. అందులో పరిశుభ్రమైన వంట స్థలము కూడ చేరియున్నది. ఇల్లు చిన్నదైన కొలది కిటికీ చోటు ముఖ్యమగును. స్లాబుపై తెల్లని సున్నము పూయుట పెద్ద ఖర్చు కాదు. అది ఎండను త్రిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది కూడ ఈ ఉద్దేశముతోడనే.

కావున పునాది త్రవ్వుటకు ముందు రెండు పనులు చేయుడు. స్థలము నడుమ ఒక కర్ర పాతి, ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము దాని నీడను చూడుడు. పిమ్మట ఇంటి ఆడవారిని పిలిచి, పొయ్యి ఎక్కడ, రోలు ఎక్కడ, పిల్లవాడు చదువుకొనునది ఎక్కడ అని అడుగుడు. మేస్త్రీకి ముగ్గు పోయుట నేర్పనక్కరలేదు. మన ఇంటిలో దినము ఎట్లు గడచునో మనమే చెప్పవలెను.

మేము ఆ పని చేయలేదు. కట్టిన మూడేండ్లకు ఇంజనీరును పిలిపించి, స్లాబులోని ఇనుప చువ్వలకు హాని లేకుండ వంటగది కప్పునకు చిన్న కంత పెట్టించి, చుట్టు గట్టు కట్టి, అద్దము బిగించితిమి. మరునాడు మా అమ్మ దీపము వేయకయే బియ్యము ఏరుకొన్నది. ముందే ఆలోచించియున్నచో ఆ మూడేండ్లు ఆమెకు చీకటి తప్పియుండెడిది. మీ ఇంటిలో మీ తల్లికి, మీ ఇల్లాలికి అట్టి చీకటి రానీయకుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.