సొంత కుంటలో చేపల పెంపకము
(నాతవరములో రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన నాతవరము ప్రాంతమున తాండవ జలాశయము నీరందు పొలములు కొన్ని, వానపై ఆధారపడు మెట్ట భూములు కొన్ని కలవు. మెట్ట రైతులు కొందరు పొలములో కుంట త్రవ్వి వాన నీటిని నిలువ చేసికొనుచున్నారు. "ఆ నీటిలో నాలుగు చేపపిల్లలు వదలిన మంచిదే కదా!" అని అడుగువారు గలరు. మంచిదే. కాని వదలుట వేరు, పెంచుట వేరు. వదలిన వానికి ఒక పూట కూర దొరకును. పెంచిన వానికి నాలుగు డబ్బులు మిగులును. లెక్కకు సులువుగా నుండుటకు అర ఎకరము కుంటను తీసికొని చెప్పెదను.

కుంటను సిద్ధపరచుట

తడిమట్టిని ముద్దచేసి పైకెగురవేసి పట్టుకొనుడు. ముద్ద విడిపోకున్నచో ఆ నేలలో నీరు నిలుచును. నీటి లోతు 5, 6 అడుగులుండవలెను. గట్టు, నిండు నీటిమట్టము కంటె 2 అడుగులు ఎత్తుగా నుండవలెను. నీరు వచ్చు దారికి, పొర్లిపోవు దారికి సన్నకన్నుల వల బిగింపవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన తీరమును తాకిన సంగతి మీరు మరువలేదు. తుపానులు వచ్చు అక్టోబరు, నవంబరు నెలలకు చేప సగము పెరిగియుండును. గట్టు పొర్లిన ఒక్క రాత్రిలో పెట్టుబడి అంతయు వాగు పాలగును.

వేసవిలో కుంటను పూర్తిగా ఎండగట్టుట మేలు. కొర్రమీను, వాలుగ, మార్పు మిగిలినచో మీరు కొన్న పిల్లలను తినివేయును. ఎండని కుంటలో ఇప్పచెక్క చల్లవచ్చును. మూడడుగుల నీరున్న అర ఎకరమునకు సుమారు 500 కిలోలు పట్టును. ఆ తరువాత మూడు వారములు పిల్లలను వదలరాదు. పశువులను ఆ నీటికి తోలరాదు.

పిమ్మట 50 కిలోల సున్నము చల్లి, వారము ఆగి, ఒక టన్ను పేడ వేయవలెను. ఇప్పచెక్క వేసిన కుంటకు పేడ సగము చాలును, ఏలనన ఆ చెక్కయే ఎరువగును. కొలది దినములలో నీరు లేతపచ్చగా మారును. ఆ పచ్చదనమే చేపకు మొదటి మేత. చేతిని మోచేతి వరకు నీటిలో ముంచుడు. మోచేయి మునుగుసరికి అరచేయి కనుమరుగైనచో నీరు సరిగా నున్నది. మణికట్టు మునుగకముందే కనబడకున్న ఎరువు మానవలెను. మోచేయి మునిగినను స్పష్టముగా కనబడుచున్న కొంత పేడ వేయవలెను.

ఏ పిల్లలు? ఎన్ని?

బొచ్చె పైనీటిలోను, శీలావతి నడిమి నీటిలోను, మోసు అడుగునను మేయును. మూడును కలిపి వేసిన ఒకదాని మేతకు మరియొకటి అడ్డురాదు. అర ఎకరమునకు వేలెడు పిల్లలు వేయి చాలును: బొచ్చె 400, శీలావతి 300, మోసు 300.

"ఈ ఏడు కొన్న చాలును, తరువాత అవే పిల్లలు పెట్టును" అని కొందరి తలంపు. ఈ జాతులు పారు నీటిలోనే గాని నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టవు. అందుచేతనే పూర్వము నదులలో పిల్లలను పట్టి తెచ్చెడివారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి గారలు చేప మెదడు క్రింది గ్రంథి రసమును సూదితో ఎక్కించి గ్రుడ్లు పెట్టించిరి. నేటి పిల్లల కేంద్రములకు అదియే మూలము. కావున పిల్లలను ఏటేట కొనవలసినదే. నమ్మకమైన కేంద్రములో, చురుకుగా ఈదుచున్న వానిని చూచి కొనుడు. ఆఫ్రికా మార్పు జాతిని కేంద్ర ప్రభుత్వము 2000 సంవత్సరములోనే నిషేధించినది. ఎవరు తెచ్చియిచ్చినను వలదనుడు.

పిల్లల సంచిని చల్లని వేళ కుంట నీటిపై పావుగంట తేలనిచ్చి, కొంచెము కొంచెముగా కుంట నీరు కలిపి, పిల్లలను తమంత తామే బయటకు పోనీయవలెను.

ఆశ చేయు నష్టము

వేయి చోట మూడువేలు వేసిన మూడింతలు వచ్చునని ఆశ కలుగుట సహజము. కాని మడిలో నారు ఒత్తుగా నాటిన కంకి చిక్కిపోవునట్లే ఇక్కడను జరుగును. మేత చాలదు, గాలి అంతకంటె చాలదు. పగలు పచ్చనాచు నీటికి ప్రాణవాయువు నిచ్చును. రాత్రి చేపతోపాటు అదియు పీల్చును. అందుచే తెల్లవారుజామున గాలి మిక్కిలి తక్కువగా నుండును. ముసురు పట్టిన దినములలో ఆ వేళ కుంటకు పోయి చూడుడు. చేపలు పైకి తేలి నోరు తెరచుచున్నచో ఆ దినము మేత, ఎరువు ఆపి, పంపుతో క్రొత్త నీటిని ఎత్తునుండి పడనీయవలెను. క్రొత్త నీరు లేనిచో కుంట నీటినే తోడి పైనుండి చల్లినను మేలగును.

మేత

తవుడు, వేరుశనగ చెక్క సమభాగములుగా కలిపి, చిల్లులు పొడిచిన సంచులలో నింపి గుంజలకు వ్రేలాడగట్టుట కొల్లేటి ప్రాంతపు రైతుల పద్ధతి. ఇందు మేత వృథా కాదు. నెలకొకసారి వల వేసి కొన్ని చేపలను తూచుడు. వేయి చేపలు తలకు 100 గ్రాములున్న మొత్తము 100 కిలోలు. నూటికి 3 వంతున రోజుకు 3 కిలోల మేత. 800 చేపలు 400 గ్రాముల చొప్పున నున్న 320 కిలోలు. అప్పుడు నూటికి 2 వంతున సుమారు ఆరున్నర కిలోలు.

పైరుకా? చేపకా?

మన కుంటలకు అసలు చిక్కు ఇదియే. మాఘ ఫాల్గుణ మాసములలో పైరు నీరడుగును, చేపయు నీరడుగును. ఆనాడు తగవు పడుటకంటె ముందే, కుంట నడుమ ఒక గుంజ పాతి మూడడుగుల వద్ద గీత పెట్టుడు. నీరు గీతను చేరక పూర్వమే పెద్ద చేపలను పట్టి నర్సీపట్నము సంతకో, ఊరిలోనో అమ్ముట ప్రారంభింపవలెను. చేపలుండగా గీత క్రిందికి నీరు తోడరాదు. నీరు ఏడెనిమిది నెలలే నిలుచు కుంటలో వేలెడు పిల్లలకు బదులు, 100 గ్రాములకు పైబడిన ఏడాది పిల్లలను తక్కువ సంఖ్యలో వేసిన సకాలములో చేతికి వచ్చును. పైనున్న పొలములో పురుగుమందు చల్లినప్పుడు ఆ నీరు కుంటలోనికి దిగకుండ కట్ట వేయుడు.

ఈ ఏడు అర ఎకరము మించక మొదలిడుడు. పిల్లలు, మేత, సున్నము, అమ్మకము ఒక పుస్తకములో వ్రాసికొనుడు. కుంటను పెంచవలెనా వలదా అన్నది వచ్చే వేసవికి ఆ పుస్తకమే చెప్పును.