పెరటి మల్లె – పుష్పకైంకర్యము



తిరుమలకు పుష్పమండపమని పేరు. ఆ కొండపై పూచిన ప్రతి పువ్వును స్వామిదే గనుక అచ్చట భక్తులు పూలు ధరింపరాదనుట ఆచారము. కొండ క్రింద తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో నివసించు మనము పెరటిలో ఒక మల్లెపొదను పెంచి, వేసవికి ముందుగా వచ్చు తొలిపూలను స్వామికి సమర్పించినచో అదియును పుష్పకైంకర్యమే యగును.

మల్లెకు బాగుగా ఎండ తగులు చోటును, నీరు నిలువని నేలయును మేలు. వానకాలమున అంటు నాటవలెను. పొద ఎదిగిన పిదప ఏటేట కార్తికము గడవగానే నీరు ఆపి, ఆకు దూసి, పుష్యమాసమున మోకాలియెత్తున కొమ్మలు కత్తిరింపవలెను. పాదు త్రవ్వి, పశువుల యెరువు వేసి, నీరు పోసినచో క్రొత్త చివుళ్లు వచ్చి ఫాల్గుణమునాటికి మొగ్గ తొడుగును. పచ్చని ఆకును దూయుటకు మనకు చేయి రాదు. కాని మల్లె పూచునది క్రొత్త చివురునందే కదా!

సేవ చేయువారి మనస్సునందును దూయవలసిన ఆకు ఒకటి కలదు. శ్రీరామానుజాచార్యుల ఆజ్ఞపై అనంతాళ్వారు తిరుమలకు వచ్చి పూలతోట పెంచిరి. తోటకై చెరువు త్రవ్వుచుండగా, గర్భవతియైన భార్య మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి ఆమెకు సాయపడెను. ఈ కైంకర్యమున అన్యులకు పాలు లేదని తలచిన ఆళ్వారు కోపించి గునపము విసరగా, అది బాలుని గడ్డమునకు తగిలెను. పిమ్మట ఆలయమునకు పోయి చూడగా స్వామి గడ్డమునుండి రక్తము కారుచుండెనట! కన్నీటితో ఆయన పచ్చకర్పూరము అద్దిరి. నేటికిని శ్రీవారి చుబుకమున పచ్చకర్పూరము ఉంచుదురు. ఆ గునపమును మహాద్వారమువద్ద మనము చూచుచునే యున్నాము.

అనంతాళ్వారుల భక్తికి కొదువ లేదు. “ఈ సేవ మాది” అను తలంపొక్కటే స్వామికిని వారికిని నడుమ అడ్డు నిలిచెను. దానిని తొలగించుటకు స్వామి దెబ్బనైనను ఓర్చెను గాని ఆ తోటను విడువలేదు. బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు బాగ్‌సవారి పేర నేటికిని ఆ తోటకు వేంచేయుచున్నాడు.

కావున మన మల్లెపాదుకు పొరుగింటి బిడ్డ చెంబెడు నీరు పోయవచ్చినచో వారింపకుందము. పూజకు దాచిన మొగ్గలు నాలుగు కోసినను కసరకుందము. ఆ బాలుడు ఎవరో మనమెట్లెరుగుదుము?

శ్రీ వేంకటేశ్వరుడు మనకట్టి నిర్మల సేవాబుద్ధిని అనుగ్రహించుగాక!